డిస్పెన్సరీ పెట్టాలనుకుంటే: లైసెన్సు, బీమా మీద పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో వైద్య అవసరాలకు గంజాయి అమ్మే డిస్పెన్సరీల గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి కొన్నిటిని ఏరి, పేర్లు తీసేసి ఇస్తున్నాం. నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. అందుకే ఏ సంగతి ఏ రాష్ట్రానిదో జవాబులోనే చెప్పాం.

ప్రశ్న: మా తోడల్లుడు అమెరికా పౌరుడు. స్నేహితులతో కలిసి మెడికల్ డిస్పెన్సరీ పెడుతున్నాడు. నన్ను 10 శాతం వాటా తీసుకోమంటున్నాడు. నాకు గ్రీన్ కార్డు ఉంది, వచ్చే ఏడాది పౌరసత్వానికి అప్లై చేయాలి. రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది కదా, భయం లేదంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ తోడల్లుడికి భయం లేకపోవచ్చు, మీకు ఉంది. పౌరుడయ్యేదాకా ఈ వాటా జోలికి వెళ్లకండి.

ఫెడరల్ ప్రభుత్వం దృష్టిలో గంజాయి 1970 నాటి నియంత్రిత పదార్థాల చట్టం కిందికి వస్తుంది. రాష్ట్రం ఇచ్చే లైసెన్సు రాష్ట్రం వరకే చెల్లుతుంది, వలస చట్టం మాత్రం పూర్తిగా ఫెడరల్ వ్యవహారం. పౌరసత్వ అర్జీలు చూసే యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్ 19న తన విధాన గ్రంథంలో ఈ సంగతి తేటతెల్లం చేసింది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వ్యాపారంలో పాలుపంచుకోవడం సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చని రాసింది. ఆ సత్ప్రవర్తనను మామూలుగా అర్జీకి ముందు ఐదేళ్లకు చూస్తారు. పౌరులను పెళ్లాడి ఆ దారిలో అప్లై చేసేవాళ్లకు మూడేళ్లు.

పౌరసత్వం ఆలస్యం కావడం ఇందులో చిన్న నష్టం. నియంత్రిత పదార్థాల వ్యాపారం చేశాడని నమ్మడానికి కారణం ఉంటే చాలు, కోర్టు శిక్ష లేకపోయినా ఆ వ్యక్తిని దేశంలోకి రానివ్వక్కర్లేదని వలస చట్టం చెబుతోంది. తెలిసి సహకరించినవాళ్లకూ అదే సెక్షన్ వర్తిస్తుంది. సెలవుల్లో ఇండియా వెళ్లి తిరిగి వస్తూ ఎయిర్‌పోర్టులో ఈ ప్రశ్న ఎదురైతే చేతిలో ఉన్న రాష్ట్ర లైసెన్సు రక్షణ కాదు. మీరే ఆ వ్యాపారంలో ఉన్నారని చూపించే కాగితం.

"అయితే వాటా మా ఆవిడ పేరు మీద పెడదాం" అని మరికొందరు అడిగారు. ఆవిడ కూడా పౌరురాలు కాకపోతే గండం ఆవిడకు మారుతుందంతే. పైగా ఈ సెక్షన్ కింద అనర్హుడైన విదేశీయుడి భార్య, భర్త, కొడుకు, కూతురు గత ఐదేళ్లలో ఆ వ్యాపారం నుంచి తెలిసి ఆర్థిక లాభం పొంది ఉంటే వాళ్లూ అనర్హులే. పౌరురాలైన భార్య పేరు మీద పెట్టి మీరు శని, ఆదివారాలు కౌంటర్ దగ్గర కూర్చుంటే సహకారం కిందికి వస్తుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లయితే ఆ కౌంటర్ దగ్గర పని చేయడమే వీసా షరతుకు విరుద్ధం.

గంజాయిని అతి కఠినమైన షెడ్యూల్ 1 జాబితా నుంచి కాస్త సడలింపున్న షెడ్యూల్ 3కు మార్చాలని న్యాయశాఖ 2024 మేలో ప్రతిపాదించింది కదా, అంతా మారిపోతుంది కదా అని కొందరి ధీమా. షెడ్యూల్ 3లో ఉన్నదీ నియంత్రిత పదార్థమే. వలస చట్టం ఏ షెడ్యూలని అడగదు.

ఇప్పటికే వాటా తీసుకున్నవాళ్లు ఫారం నింపకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. నియంత్రిత పదార్థాల అమ్మకం గురించి అడిగిన చోట తెలిసి "లేదు" అని రాస్తే అబద్ధం చెప్పిన నేరం అదనంగా మెడకు చుట్టుకుంటుంది.

ప్రశ్న: పెన్సిల్వేనియాలో ఉంటాం, మా ఇంట్లో అందరం పౌరులమే. చేతిలో 2 లక్షల డాలర్లు ఉన్నాయి. డిస్పెన్సరీ పెట్టడానికి సరిపోతాయా?

జవాబు: కాగితం మీద అంచులకు వస్తాయి, నిజంగా చాలవు. 2016 నాటి యాక్ట్ 16 ప్రకారం అక్కడ డిస్పెన్సరీ అర్జీ ఫీజు 5 వేల డాలర్లు, అది తిరిగి రాదు. పర్మిట్ ఫీజు ఒక్కో దుకాణానికి 30 వేలు, పర్మిట్ రాకపోతే వెనక్కి ఇస్తారు. వీటికి తోడు 1.5 లక్షల డాలర్ల మూలధనం బ్యాంకులో ఉన్నట్టు చూపాలి. లెక్క 1.85 లక్షలకు వచ్చింది. ఆ మూలధనం ప్రభుత్వానికి కట్టేది కాదు, వ్యాపారంలో ఖర్చు పెట్టుకోవచ్చు. అయితే షాపు లోపలి నిర్మాణం, వాల్ట్, కెమెరాలు, మొదటి సరుకు, తెరవకముందే నెలనెలా కట్టే అద్దె, అన్నీ అందులోంచే పోవాలి.

అసలు చిక్కు డబ్బు కాదు. చట్టం డిస్పెన్సరీ పర్మిట్లను 50తో మొదలుపెట్టింది, ఒక్కో పర్మిట్ మీద మూడు దుకాణాల దాకా నడపొచ్చు. ఆరోగ్య శాఖ పిలిచినప్పుడే కొత్త అర్జీలు తీసుకుంటుంది, మనకు తోచినప్పుడు కాదు. అందుకని చాలామంది ఇప్పటికే పర్మిట్ ఉన్న సంస్థలో వాటా కొనడానికి చూస్తారు. అలా కొనాలన్నా శాఖ అనుమతి ముందు రావాలి. పర్మిట్‌ను స్థలం కాగితంలా చేతులు మార్చేయలేరు. ముందు డబ్బిచ్చి "అనుమతి తర్వాత వస్తుందిలే" అనుకునేవాళ్లు కనీసం ఆ సొమ్మును ఎస్క్రోలో, అంటే అనుమతి వచ్చేదాకా మూడో మనిషి దగ్గర, పెట్టించుకోవాలి.

దుకాణం పెట్టే చోటు బడికి, డేకేర్‌కు 1,000 అడుగుల లోపు ఉండకూడదు. తెరిచి ఉన్నంతసేపూ డాక్టరో ఫార్మసిస్టో నేరుగా గానీ ఆన్‌లైన్‌లో గానీ అందుబాటులో ఉండాలి. ఒకే పర్మిట్ మీద రెండు, మూడు దుకాణాలుంటే మిగతా చోట్ల ఫిజీషియన్ అసిస్టెంట్, నర్స్ ప్రాక్టీషనర్‌తో నడపొచ్చు. వాళ్ల జీతం మీ లెక్కలో ఉందా? మాకు వచ్చే లెక్కల్లో ఎక్కువగా మర్చిపోయేది అదే.

ఒక రాష్ట్రం అనుభవం పక్క రాష్ట్రంలో పనికి రాదు. ఫ్లోరిడాలో దుకాణానికి మాత్రమే అంటూ లైసెన్సు లేదు. పండించడం, తయారీ, అమ్మకం మూడూ ఒకే సంస్థ చేయాలి, 50 లక్షల డాలర్ల పెర్ఫార్మెన్స్ బాండు (షరతులు పాటిస్తామనే పూచీ) పెట్టాలి. కాలిఫోర్నియాలో అర్జీ ఫీజు 1,000 డాలర్లే, రిటైల్ లైసెన్సు ఏడాది ఫీజు అమ్మకాన్ని బట్టి 2,500 నుంచి 96,000 దాకా ఉంటుంది. అక్కడ పీటముడి ఊరి దగ్గర పడుతుంది. నగరమో కౌంటీయో రిటైల్‌ను ఒప్పుకోకపోతే రాష్ట్రం చేయగలిగింది లేదు. 20 శాతం లేక అంతకు మించి వాటా ఉన్నవాళ్లు అక్కడ "ఓనర్" లెక్క, వేలిముద్రలతో సహా వివరాలివ్వాలి. ఓనర్లు మారితే 14 రోజుల్లో తెలపాలి.

ఏ రాష్ట్రమైనా అర్జీలు చెడే తీరు ఒకటే. ముందు లీజు మీద సంతకం, తర్వాత దూరం కొలత. ఆ దూరాన్ని కారు దారిలో కొలుస్తారా, సరళరేఖలోనా, తలుపు నుంచా, స్థలం సరిహద్దు నుంచా అన్నది నిబంధనలో రాసి ఉంటుంది. ఫోన్‌లో మ్యాప్ చూపించే నడక దూరాన్ని నమ్ముకోకండి. లీజులో "లైసెన్సు రాకపోతే ఈ ఒప్పందం రద్దు" అనే వాక్యం లేకుండా సంతకం పెట్టొద్దు.

ప్రశ్న: మా బ్రోకరు ఒక జనరల్ లయబిలిటీ (ఇతరులకు జరిగే హానికి) పాలసీ ఇచ్చి లైసెన్సుకు ఇది చాలన్నారు. నిజంగా ఏమేం తీసుకోవాలి?

జవాబు: లైసెన్సుకు చాలడం వేరు, దుకాణానికి చాలడం వేరు. పెన్సిల్వేనియా నిబంధన భవనానికి, పరికరాలకు "తగినంత" బీమా, పనివాళ్లకు వర్కర్స్ కంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలితే ఆదుకునే బీమా) ఉండాలంటుంది. తగినంత అంటే ఎంతో మీరే తేల్చుకోవాలి. కాలిఫోర్నియాలో ప్రతి లైసెన్సుకూ 5 వేల డాలర్ల ష్యూరిటీ బాండు అడుగుతారు. దాన్ని బీమా అనుకునేవాళ్లున్నారు. సరుకు ధ్వంసం చేయాల్సి వస్తే ఆ ఖర్చు రాష్ట్రానికి దక్కేలా పెట్టిన పూచీ అది. బాండు కంపెనీ కట్టినదాన్ని తర్వాత మీ దగ్గరే వసూలు చేస్తుంది.

ముందు పాలసీ ఇచ్చింది ఎవరో చూడండి. ఈ వ్యాపారానికి బీమా ఎక్కువగా సర్‌ప్లస్ లైన్స్, అంటే ఆ రాష్ట్రంలో మామూలు బీమా లైసెన్సు లేని, కంపెనీలే ఇస్తాయి. ఆ కంపెనీ దివాలా తీస్తే రాష్ట్ర గ్యారంటీ ఫండ్ ఆదుకోదు. ప్రీమియం మీద రాష్ట్ర పన్ను కూడా విడిగా కట్టాలి, కాలిఫోర్నియాలో, పెన్సిల్వేనియాలో 3 శాతం. లండన్‌లోని లాయిడ్స్ 2015లో ఈ రంగానికి బీమా ఆపేయమని తన సభ్యులకు చెప్పింది. కాలిఫోర్నియా బీమా శాఖ 2017 నవంబరులోగానీ ఒక అడ్మిటెడ్ (రాష్ట్ర లైసెన్సున్న) కంపెనీకి ఈ రంగంలో అనుమతి ఇవ్వలేదు. పోటీ తక్కువున్న చోట పాలసీ భాష కంపెనీకి అనుకూలంగా ఉంటుంది. అందుకే సర్టిఫికెట్ చూసి తృప్తి పడకుండా పాలసీ పూర్తి ప్రతి, ఎండార్స్‌మెంట్లన్నిటితో (పాలసీని మార్చే అదనపు కాగితాలు) సహా తెప్పించుకోండి. సర్టిఫికెట్ ఒక పేజీ, మినహాయింపులు నలభై పేజీల వెనక ఉంటాయి.

చదివేటప్పుడు మొదట "కానబిస్", "కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్" అనే మాటలు వెతకండి. మామూలు దుకాణాల పాలసీల్లో గంజాయి మినహాయింపు ఎండార్స్‌మెంట్ తగిలిస్తారు. డిస్పెన్సరీకి అదే పాలసీ అమ్మితే ప్రీమియం కట్టి గాలి కొన్నట్టే. తర్వాత "అసాల్ట్ అండ్ బ్యాటరీ" మినహాయింపు. నగదు ఎక్కువుండే చోట దోపిడీ జరిగి కస్టమర్‌కు దెబ్బ తగిలితే అప్పుడు కావలసిన రక్షణే ఈ మినహాయింపుతో పోతుంది. సాయుధ గార్డును పెట్టుకుంటే ఆ సెక్యూరిటీ సంస్థ పాలసీలో మిమ్మల్ని అడిషనల్ ఇన్సూర్డ్‌గా, అంటే ఆ బీమా మీకూ వర్తించేలా, చేర్పించండి. వాళ్ల పాలసీలో కూడా తుపాకీల మినహాయింపు లేదని రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక ఉండాల్సిన వాటిలో జనరల్ లయబిలిటీ ఒకటి. మార్కెట్లో మామూలుగా కనిపించేది ఘటనకు 10 లక్షలు, ఏడాదికి 20 లక్షల డాలర్ల లిమిట్. ప్రోడక్ట్ లయబిలిటీ (అమ్మిన సరుకు వల్ల హాని జరిగితే) విడిగా ఉందో, ఆ 20 లక్షల్లోనే కలిసిందో చూడండి. సరుకుకు, అమరికలకు ప్రాపర్టీ పాలసీ, మూతపడ్డ రోజుల ఆదాయానికి బిజినెస్ ఇన్‌కమ్, నగదుకు క్రైమ్ పాలసీ కావాలి. ప్రాపర్టీ పాలసీలో నగదుకు ఇచ్చేది చాలా కొద్ది, వాల్ట్‌లో వారం అమ్మకం ఉంటే అది దేనికీ ఆనదు. రోగుల కార్డులు, డాక్టరు సర్టిఫికెట్ వివరాలు మీ కంప్యూటర్లో ఉంటాయి కాబట్టి సైబర్ (డేటా చోరీ) పాలసీ కూడా. ఇంటికి డెలివరీ చేస్తుంటే మీ ఉద్యోగి సొంత కారు పాలసీ ఆ పనికి వర్తించదు, కమర్షియల్ ఆటో కావాలి. ఫార్మసిస్టు సలహాల కోసం ప్రొఫెషనల్ లయబిలిటీ. ఏది ముందు, ఏది తర్వాత అంటే మా ఓటు ప్రోడక్ట్ లయబిలిటీకి, క్రైమ్‌కు.

ప్రీమియం అంచనా అమ్మకం మీద వేస్తారు, ఏడాది చివర ఆడిట్ చేస్తారు. ఉదాహరణకు వెయ్యి డాలర్ల అమ్మకానికి 6 డాలర్ల రేటు అనుకుందాం. 12 లక్షల అమ్మకం అని చెప్పి 7,200 కట్టారు, నిజంగా 18 లక్షలు అమ్మారు. ఆడిట్ తర్వాత ఇంకో 3,600 బిల్లు వస్తుంది. తక్కువ చెప్పి లాభపడిందేమీ లేదు. మధ్యలో రద్దు చేసినా వెనక్కి ఇవ్వని కనీస ప్రీమియం షరతు ఉంటుంది, అదీ ముందే అడగండి.

ప్రశ్న: రాత్రి మా షాపులో దొంగలు పడి 60 వేల డాలర్ల సరుకు ఎత్తుకెళ్లారు. సరుకు మీద పాలసీ లిమిట్ 1.6 లక్షలు. అయినా కంపెనీ 35 వేలే ఇస్తానంటోంది, పైగా అలారం రికార్డులు అడుగుతోంది. లిమిట్‌లోపే కదా నష్టం?

జవాబు: మీ ఉత్తరంతో పంపిన పేజీ చూశాం. అందులో 80 శాతం కోఇన్సూరెన్స్ ఉంది, 5 వేల డిడక్టిబుల్ (మీరే భరించాల్సిన మొత్తం) ఉంది. ఆ రాత్రి షాపులో 3 లక్షల డాలర్ల సరుకుంది. దానిలో 80 శాతం, అంటే 2.4 లక్షలకు బీమా చేసి ఉండాలి. మీరు చేసింది 1.6 లక్షలకు, మూడింట రెండు వంతులు. కాబట్టి నష్టంలోనూ మూడింట రెండు వంతులే ఇస్తారు. 60 వేలలో 40 వేలు, డిడక్టిబుల్ తీస్తే 35 వేలు. లెక్క సరిగానే ఉంది.

3 లక్షలని వాళ్లకెలా తెలిసిందంటారా? మొక్క నుంచి అమ్మకం దాకా ప్రతి ప్యాకెట్‌నూ రాష్ట్రం ట్రాకింగ్ వ్యవస్థలో ఎక్కిస్తారు. కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే అడ్జస్టర్ ఆ రాత్రి నిల్వ రిపోర్టు అడిగితే మీరే ఇవ్వాలి. వేరే దుకాణాల్లోలా "సుమారుగా అంత ఉండొచ్చు" అనే వీలు ఇక్కడ లేదు. ఇకముందు నెలనెలా ఆ రిపోర్టులో గరిష్ఠ నిల్వ చూసి దాని మీద లిమిట్ పెట్టించండి, లేదా కోఇన్సూరెన్స్ వదులుకునేలా అగ్రీడ్ వాల్యూ (ముందే ఒప్పుకున్న విలువ) అడగండి. సరుకును కొన్న ధరకు కడతారా, అమ్మే ధరకా అన్నదీ అక్కడే తేల్చుకోవాలి.

మీరు బాధపడుతున్న 25 వేల కన్నా అలారం ప్రశ్న ప్రమాదకరం. మీ పాలసీలో ప్రొటెక్టివ్ సేఫ్‌గార్డ్స్ ఎండార్స్‌మెంట్ ఉంది. సెంట్రల్ స్టేషన్‌కు (అలారం కంపెనీ నిఘా కేంద్రానికి) కలిపిన అలారం పనిచేస్తూ ఉండాలి, మూసేశాక సరుకంతా వాల్ట్‌లో ఉండాలి అని దాని షరతులు. ఇవి తప్పితే 35 వేలు కూడా రాకపోవచ్చు. ఇలాంటి చోట గొడవంతా చిన్న సంగతుల దగ్గర మొదలవుతుంది. మర్నాటి పొద్దుటి హడావిడికని డిస్‌ప్లే అరల్లో కొన్ని జాడీలు వదిలేస్తారు. వెనక గది మోషన్ సెన్సర్ ఏసీ గాలికి ఊరికే మోగుతోందని ఆ జోన్‌ను బైపాస్‌లో పెడతారు. బైపాస్ చేసిన సమయం, చేసిన కోడ్ ఎవరిదో ప్యానెల్ లాగ్‌లో నిమిషంతో సహా ఉంటుంది.

వాల్ట్ రేటింగ్ కూడా చూడండి. పాలసీ టీఎల్-15 అడిగితే తలుపు మీద భద్రతా పరీక్షల సంస్థ యూఎల్ ముద్ర ఉన్న లేబుల్‌లో అదే ఉండాలి. మామూలు పనిముట్లతో దాడి చేస్తే తలుపు 15 నిమిషాలు నిలబడుతుందని దాని అర్థం, టీఎల్-30 అంటే 30 నిమిషాలు. నిప్పును తట్టుకునే ఫైర్ సేఫ్ దొంగను తట్టుకోదు, రేకు పల్చగా ఉంటుంది. బరువు తక్కువైతే నేలకు బోల్టులు బిగించి ఉండాలి. లేబుల్ ఫొటో, బోల్టుల ఫొటో తీసి ఇప్పుడే బ్రోకరుకు మెయిల్ చేసి పెట్టుకోండి.

కెమెరా ఫుటేజ్‌ను ఈరోజే వేరే డ్రైవ్‌లోకి తీయండి. కాలిఫోర్నియాలో 90 రోజులు ఉంచాలి, దొంగతనం తెలిసిన 24 గంటల్లో పోలీసులకూ లైసెన్సు శాఖకూ తెలపాలి. క్లెయిము తేలడానికి 90 రోజులు దాటడం మామూలే. రికార్డర్ తన పాటికి తాను పాత ఫుటేజ్ మీద కొత్తది రాసేస్తుంది. శాఖకు ఇచ్చిన సంఖ్య, పోలీసు రిపోర్టులో సంఖ్య, క్లెయిములో సంఖ్య మూడూ ఒకటే కావాలి. తేడా ఉంటే బీమా పోవడంతో ఆగదు, లైసెన్సు మీద విచారణ మొదలవుతుంది.

ప్రశ్న: ఫెడరల్‌గా చట్టవిరుద్ధమైన సరుకు కదా, చివరికి "ఇది చెల్లని ఒప్పందం" అని బీమా కంపెనీ తప్పించుకుంటే?

జవాబు: తప్పించుకున్న కేసూ ఉంది, తప్పించుకోలేని కేసూ ఉంది. హవాయిలో ఒకావిడ ఇంటి పాలసీ కింద చోరీ అయిన గంజాయి మొక్కలకు క్లెయిము పెడితే, అది ఫెడరల్ చట్టానికి విరుద్ధమని అక్కడి ఫెడరల్ కోర్టు 2012లో కంపెనీ పక్షాన తీర్పు ఇచ్చింది. కొలరాడోలో గ్రీన్ ఎర్త్ వెల్‌నెస్ సెంటర్ కేసు ఇందుకు వేరు. 2012 వాల్డో కాన్యన్ కార్చిచ్చు పొగ, బూడిద గాలి మార్గాల్లోంచి లోపలికి వచ్చి సరుకు పాడైంది. మొక్కలకు సుమారు 2 లక్షలు, తయారైన సరుకుకు సుమారు 40 వేల డాలర్లు అడిగారు. ఇది గంజాయి వ్యాపారమని తెలిసే పాలసీ అమ్మారు కాబట్టి తయారైన సరుకు విషయంలో చట్టవిరుద్ధమనే వాదన నిలవదని 2016 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది. మొక్కలకు మాత్రం రాలేదు. అందుకు కారణం గంజాయి కాదు, పాలసీలో "పెరుగుతున్న పంట" మినహాయింపు.

కోర్టు పెద్ద సూత్రాల దాకా వెళ్తుందనుకుంటాం. అక్కడ 2 లక్షలు పోయింది రెండు మాటల మినహాయింపు దగ్గర. అర్జీలో "హెల్త్ ప్రోడక్ట్స్" లాంటి ముసుగు మాటలు రాయకుండా "మెడికల్ కానబిస్ డిస్పెన్సరీ" అని రాసి, ఆ అర్జీ ప్రతి దాచుకోండి. కంపెనీకి తెలుసని నిరూపించేది అదే.

ప్రశ్న: మేం తయారు చేయం, పేరున్న బ్రాండ్ల వేప్ కార్ట్రిడ్జ్‌లు (ఆవిరిగా పీల్చే గంజాయి నూనె గొట్టాలు) తెచ్చి అమ్ముతాం. ఎవరికైనా జబ్బు చేస్తే బాధ్యత తయారీదారుడిది కాదా?

జవాబు: చాలా రాష్ట్రాల్లో అమ్మినవాడి మీదా దావా వేయొచ్చు. రోగి చేతిలో ఉండేది మీ రసీదు, తయారీ సంస్థ ఎక్కడో తర్వాత వెతుక్కుంటారు. 2019లో వేప్‌ల వల్ల ఊపిరితిత్తుల జబ్బు వ్యాపించింది. 2020 ఫిబ్రవరి 18 నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలైన కేసులు, 68 మరణాలు నమోదైనట్టు అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. విటమిన్ ఇ అసిటేట్ కలిపిన టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) వేప్‌లతో దీనికి గట్టి సంబంధం కనిపించింది, వాటిలో ఎక్కువ భాగం లైసెన్సు లేని చోట కొన్నవే. అయినా ఆ దెబ్బతో బీమా కంపెనీలు వేప్ మినహాయింపు, "హెల్త్ హజార్డ్" మినహాయింపు చేర్చడం పెరిగింది. అమ్మకంలో వేప్‌ల భాగం ఎంతో చూసి ఆ మినహాయింపు మీ పాలసీలో ఉందేమో వెతకండి. పురుగుమందులదీ ఇదే కథ. మైక్లోబ్యుటానిల్ అనే శిలీంద్రనాశిని ఆకు మీద మామూలుగా కనిపించదు, కాల్చినప్పుడు హైడ్రోజన్ సైనైడ్ ఇస్తుంది.

తయారీదారుతో ఒప్పందంలో మూడు రాయించుకోండి: వాళ్ల ప్రోడక్ట్ పాలసీలో వెండర్ ఎండార్స్‌మెంట్ ద్వారా మీరూ ఇన్సూర్డ్ కావడం, మీ లాయరు ఖర్చు వాళ్లు భరించడం, రీకాల్ అయితే (సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తీస్తే) దాని విలువ తిరిగి ఇవ్వడం. బ్యాచ్ నంబరు, ల్యాబ్ రిపోర్టు, ఎవరికి అమ్మారన్న జాబితా ఒక్క గంటలో తీయగలగాలి.

ప్రశ్న: మా స్ట్రిప్ మాల్‌లో ఒక షాపు డిస్పెన్సరీకి అద్దెకు అడుగుతున్నారు, మార్కెట్ కన్నా ఎక్కువ ఇస్తామంటున్నారు. ఇవ్వొచ్చా?

జవాబు: ముందు మీ బ్యాంకు లోన్ కాగితాలు తీయండి. ఫెడరల్ చట్టాలు ఉల్లంఘించే అద్దెదారును పెట్టకూడదనే షరతు చాలా లోన్లలో ఉంటుంది. అది తప్పితే బ్యాంకు మొత్తం అప్పు ఒకేసారి కట్టమనొచ్చు. తెలిసి చోటు ఇచ్చినవాళ్లకూ వర్తించే ఫెడరల్ సెక్షన్ ఒకటుంది. రాష్ట్రాల వైద్య గంజాయి చట్టాలను అడ్డుకోవడానికి న్యాయశాఖ నిధులు వాడకూడదని కాంగ్రెస్ 2014 డిసెంబరు నుంచి ఏటా బడ్జెట్‌లో పెడుతున్న నిబంధన కొంత ఊరట. అయితే అది ఏటా పొడిగించాల్సింది, మెడికల్‌కే గానీ వినోద అమ్మకానికి వర్తించదు. ఇవి దాటాక మీ సొంత భవన పాలసీలో గంజాయి అద్దెదారు మినహాయింపు ఉందేమో చూసి, ఉంటే తీయించి, అప్పుడు అద్దె మాట్లాడండి. మీరు పౌరులు కాకపోతే మొదటి జవాబు మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: బీమా ప్రీమియం, అద్దె, జీతాలు పన్నులో ఖర్చు రాసుకోవచ్చా?

జవాబు: షెడ్యూల్ 1, 2 పదార్థాలు అమ్మే వ్యాపారానికి ఫెడరల్ పన్ను చట్టంలోని 1982 నాటి 280ఇ సెక్షన్ కింద ఇవేవీ కుదరవు, సరుకు ఖరీదు మాత్రమే తీసేయనిస్తారు. 10 లక్షల అమ్మకం, 6 లక్షల సరుకు ఖరీదు, 3.2 లక్షల ఖర్చులు అనుకోండి. మిగిలింది 80 వేలు. పన్ను మాత్రం 4 లక్షల మీద 21 శాతం, 84 వేలు. లాభం కన్నా పన్ను ఎక్కువ. ఖర్చులు ఒప్పుకుంటే అది 16,800. షెడ్యూల్ మార్పు నిజంగా విలువైనది ఇక్కడే. అయితే అది మీ రకం వ్యాపారానికి ఏ తేదీన అమల్లోకి వస్తుందో ఆ తేదీ నుంచే లెక్క, వెనకటి ఏళ్ల రిటర్నులు దిద్దుకోవచ్చని ఎవరు చెప్పినా నమ్మకండి.

ప్రశ్న: నడవకపోతే దివాలా పిటిషన్ వేసి బయటపడొచ్చు కదా?

జవాబు: దివాలా కోర్టు ఫెడరల్, గంజాయి వ్యాపారాల పిటిషన్లను అక్కడ తోసిపుచ్చుతున్నారు. రాష్ట్ర కోర్టు ద్వారా రిసీవర్‌ను (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే కోర్టు ప్రతినిధి) పెట్టించుకోవడమే దారి, అదీ ఆ రాష్ట్రం ఒప్పుకుంటే. మూసేసే ముందు మీ ప్రోడక్ట్ పాలసీ క్లెయిమ్స్-మేడ్ రకమో కాదో చూడండి. ఆ రకమైతే పాలసీ ఆగిన మర్నాడు వచ్చే దావాకు రక్షణ ఉండదు, ఎప్పుడో అమ్మిన సరుకు మీదైనా సరే. ఎక్స్‌టెండెడ్ రిపోర్టింగ్ పీరియడ్, అంటే పాలసీ ఆగాక వచ్చే దావాలకూ రక్షణ పొడిగింపు, కొనాలి. దాన్ని పాలసీ ముగిశాక కొద్ది రోజుల గడువులోనే అడగాలి, గడువు తేదీ పాలసీలోనే ఉంటుంది. మిగిలిన సరుకు ధ్వంసం చేసిన రికార్డు శాఖ ఆమోదించేదాకా ష్యూరిటీ బాండు రద్దు చేయకండి.